కల్లు ఆగితే ఫిట్స్ ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: మా ఆయన వయసు 44. తాపీ పని చేస్తారు. 20 ఏళ్లుగా కల్లు అలవాటు. పొద్దున రెండు సీసాలు, సాయంత్రం నాలుగు సీసాలు పడాల్సిందే. పోయిన నెల దాడులు జరిగి మా ఊరి కల్లు దుకాణం నాలుగు రోజులు మూతపడింది. రెండో రోజుకే చేతులు వణికాయి, నిద్ర పోయింది. ఎదురుగా లేని మనుషులతో మాట్లాడారు, ఒంటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకొన్నారు. మూడో రోజు ఫిట్స్ వచ్చి పడిపోయారు, నాలుక కొరుక్కున్నారు. పక్క ఊరి నుంచి కల్లు తెచ్చి తాగిస్తే సర్దుకున్నారు. ‘నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే అదే దారికొస్తాడు’ అని మా బావగారు అంటున్నారు. గంజాయి మానేసిన కుర్రాళ్లకు ఇలా కాలేదు కదా, కల్లుకే ఎందుకని మా అబ్బాయి అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ తాళం సంగతి. దయచేసి ఆ పని చేయకండి. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి మళ్లీ ఒక్కసారిగా మత్తు ఆపితే అంతకన్నా గట్టిగా రావొచ్చు. ఆపిన ప్రతిసారీ మెదడు ఇంకాస్త సులువుగా అదుపు తప్పుతుంది. మూసిన గదిలో పక్కన ఎవరూ లేనప్పుడు ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పు.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీవారు తాగుతున్నది చెట్టు కల్లు కాదనిపిస్తోంది. తాటి, ఈత చెట్ల నుంచి తీసిన కల్లులో ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతం ఉంటుంది, ఒక రోజు దాటితే పులిసి తాగలేనంత పుల్లనవుతుంది. ఏడాది పొడవునా అన్ని ఊళ్లకూ సరిపోయేంత కల్లు చెట్లు ఇవ్వలేవు. అందుకే నీళ్లు, తీపి కోసం శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్ (మన దగ్గర డైజోఫాం అనేది ఇదే), ఆల్ప్రాజోలం లాంటివి కలుపుతున్నారు. ఇలాంటి కల్లు దొరక్క 2015 సెప్టెంబరులో మీ జిల్లాలో, మహబూబ్‌నగర్‌లో ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు కూడా ఇదే పరిస్థితి.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. మత్తు పదార్థాలన్నీ ఒకే పని చేయవు. మెదడులో నరాల పరుగును ఆపే ‘గాబా’ అనే రసాయనం ఉంటుంది, బండికి బ్రేకు లాంటిది. మద్యం, ఆల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ ఈ నాలుగూ ఆ బ్రేకునే తొక్కుతాయి. ఏళ్ల తరబడి బయటి నుంచి బ్రేకు పడుతుంటే మెదడు తన సొంత బ్రేకును సడలించేసి, నరాలను ఉరికించే ‘గ్లుటమేట్’ను పెంచుకుంటుంది. ఉన్నట్టుండి కల్లు ఆగితే బ్రేకు లేదు, ఉరుకు మాత్రం మిగులుతుంది. వణుకు, చెమటలు, గుండె దడ, భ్రమలు, ఫిట్స్ అన్నీ దాని నుంచే.

గంజాయి దారి వేరు. మానేస్తే చిరాకు, నిద్రలేమి, ఆకలి తగ్గడం ఒకటి రెండు వారాలుంటాయి, ఫిట్స్ రావు. అలాగని అది మేలైనదని మీ అబ్బాయి అనుకోకూడదు. చిన్న వయసులో మొదలుపెట్టిన కొందరిలో అనుమానాలు, చెవిలో మాటలు వినిపించే మానసిక జబ్బుకు అది దారి తీస్తుంది. హెరాయిన్ లాంటి నల్లమందు జాతివి మానితే ఒళ్లు నొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం నరకంలా ఉంటాయి కానీ మానడం వల్ల ప్రాణం పోవడం అరుదు, ఎక్కువ తీసుకుని ఊపిరి ఆగి పోయేవాళ్లే ఎక్కువ. కొకైన్, మెత్ లాంటివి గుండెను, బీపీని పరిగెత్తించే రకం; అవి ఆగితే కుంగుబాటు వస్తుంది. ఆపడమే ప్రాణాంతకమయ్యేది ముఖ్యంగా మద్యం, నిద్రమాత్రల జాతి మందులతోనే. మందు కల్లులో ఆ రెండూ ఉన్నాయి.

ఇంకో చిక్కు ఏమిటంటే ఈ మందులు ఒంట్లోంచి ఒకే వేగంతో పోవు. ఆల్ప్రాజోలం సగం తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది, కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావొచ్చు. డైజెపామ్, దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం రోజుల తరబడి ఉంటాయి, అందుకే వారం తర్వాత కూడా రావొచ్చు. ‘మూడు రోజులు గడిచాయి, గండం గట్టెక్కింది’ అని వదిలేయకండి. క్లోరల్ హైడ్రేట్‌కు ఇంకో గుణం ఉంది. అది కడుపులో పూత పూసినట్టు మంట పెడుతుంది, ఎక్కువైతే గుండె లయ తప్పిస్తుంది. మామూలు మూత్ర పరీక్ష కిట్లలో ఇది పట్టుబడదు. అందుకే ‘పరీక్షలో ఏమీ లేదు’ అన్నా, ఏ కల్లు, రోజుకెన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగారు అనేవి డాక్టరుకు మీరే చెప్పాలి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ రెండు మూడు రోజుల్లోనే ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లి చేర్పించండి. ఇంటి దగ్గర చేసే వైద్యం కాదిది. అప్పటిదాకా పూర్తిగా ఆపించొద్దు, రోజూ తాగేదానికన్నా ఒక్క చుక్క ఎక్కువ కూడా ఇవ్వొద్దు. మెడికల్ షాపు నుంచి నిద్రమాత్రలు తెచ్చి కల్లుతో పాటు వేయొద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ పెట్టిస్తుంటారు. బి1 విటమిన్ (థయమిన్) ఇంజెక్షన్ ఇవ్వకుండా అలా ఎక్కిస్తే తాగేవాళ్లలో మెదడు దెబ్బతినవచ్చు: ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, అయోమయం. ఒళ్లు నొప్పులకు ట్రమడాల్ కూడా వద్దు, అది ఫిట్స్‌ను రప్పిస్తుంది.

ఆస్పత్రిలో ఈసీజీ, లివర్ పరీక్షలు, షుగర్, పొటాషియం, మెగ్నీషియం చూస్తారు. కల్లు బదులు లెక్క ప్రకారం డైజెపామ్ జాతి మందు ఇస్తారు (లివర్ బాగా చెడితే లోరాజెపామ్). ఆ మందే ఇచ్చి మాన్పించడమేమిటని అనిపిస్తుంది. తేడా కొలతలో ఉంది. సీసాలో ఎంత పొడి పడిందో కలిపినవాడికే తెలియదు, ఇక్కడ మిల్లీగ్రాము లెక్క. వణుకు, దడ తగ్గాక మెల్లగా తగ్గిస్తూ పోతారు. ఏళ్ల అలవాటైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున, అంటే నెలల పని. ఇంటికొచ్చాక మాత్రల డబ్బా మీ దగ్గరే ఉండాలి, పూటకు ఎంతో అంతే చేతికివ్వండి. నిద్ర సరిగా పట్టకపోవడం కొన్ని నెలలు ఉంటుంది; దానికి భయపడి మధ్యలో మందు పెంచొద్దు.

ఈలోగా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు, ఉల్లిపాయ వాసన చూపించడం ఏవీ వద్దు. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా, స్పృహ రాకపోయినా 108కి ఫోన్ చేయండి. తాగి పడుకున్న మనిషిని ఎంత లేపినా లేవకపోతే, నిమిషానికి శ్వాస పదికన్నా తగ్గితే, పెదవులు నీలంగా మారితే కూడా అంతే, ‘మత్తులో ఉన్నాడులే’ అనుకోకండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి గానీ, మత్తు విముక్తి సహాయ కేంద్రం 14446కి గానీ ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

మీవారితో ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి. నెలా రెండు నెలలు మానాక ఎప్పుడైనా మళ్లీ నోటికి పెట్టారో, పాత ఆరు సీసాలు ఒంటికి పట్టవు. అప్పటికి మెదడు ఆ మోతాదుకు అలవాటు తప్పి ఉంటుంది, అదే ఊపిరి ఆపేయగలదు. అలా జరిగిందని తెలిస్తే తిట్టడం తర్వాత, ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చే దాకా శ్వాస చూస్తూ కూర్చోండి.