ఇయర్‌ఫోన్స్ తీసేశాక లాప్‌టాప్‌లో సౌండ్ రావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ: మహబూబ్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నారు. రోజూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని లాప్‌టాప్‌లో క్లాసులు వింటారు. ఈ మధ్య ఇయర్‌ఫోన్స్ తీసేసినా స్పీకర్లలో సౌండ్ రావట్లేదు. ఒక్కోసారి వచ్చినా, వాల్యూమ్ నూరులో పెట్టినా సన్నగానే వినిపిస్తోంది. షాపులో చూపిస్తే విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలన్నారు. నోట్సు, దాచుకున్న క్లాసులు పోతాయేమోనని భయపడుతున్నారు.

దయచేసి ఇప్పుడే ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులో అకౌంట్లు రాస్తాను. చుట్టుపక్కల మిల్లుల్లో కంప్యూటర్‌కు ఏమొచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. మీలాంటి కంప్లయింటే పక్క మిల్లులో వచ్చింది. గుమాస్తా కంప్యూటర్‌ను షాపుకు తీసుకెళ్తే వాళ్లు అడిగీ అడగకుండానే ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. ఆ సీజన్ వడ్ల కొనుగోళ్ల లెక్కలు సగం పోయాయి. వాటిని మళ్లీ కాగితాలు చూసి ఎక్కించాల్సి వచ్చింది. ఇంత చేశాక ఆన్ చేస్తే సౌండ్ మాత్రం మళ్లీ రాలేదు. తప్పు విండోస్‌లో లేదు, ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో ఉంది. తవుడు దుమ్ము అందులో గట్టిపడిపోయింది. అందుకే ఇలాంటి ప్రశ్న కనిపిస్తే వదిలేయలేను.

కంప్యూటర్‌లో వాల్యూమ్ అనేది ఒక్కటే ఉండదు. స్పీకర్లకు ఒకటి, ఇయర్‌ఫోన్స్‌కు ఒకటి, బ్లూటూత్ నెక్‌బ్యాండ్‌కు ఇంకొకటి, ఇలా దేనికి ఎంత పెట్టారో విండోస్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. వీటికి తోడు బ్రౌజర్‌కు, వీడియో ప్లేయర్‌కు, మీటింగ్ యాప్‌కు వేటికవే వాల్యూమ్‌లు ఉంటాయి. ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ మూసి ఉంటే కింద నల్లా ఎంత తిప్పినా నీళ్లు సన్నగానే వస్తాయి కదా, ఇక్కడా అంతే. కాబట్టి సౌండ్ ఎంత ఉందన్నది తర్వాత సంగతి. ముందు అది ఎక్కడికి పోతోందో చూడాలి.

దానికి ఒక చిన్న పరీక్ష చేయండి. కింద గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. విండోస్ 11 అయితే అట్టడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. విండోస్ 10లో అయితే సౌండ్ కంట్రోల్ పానెల్ అని ఉంటుంది. దాన్ని నొక్కితే ప్లేబ్యాక్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి షో డిస్‌కనెక్టెడ్ డివైసెస్‌కు టిక్ పెట్టండి. ఏదైనా పాట ప్లే చేసి, ఆ పెట్టె అలాగే తెరిచి ఉంచి, ఇయర్‌ఫోన్ పిన్ పెట్టండి, తీయండి, మళ్లీ పెట్టండి. పిన్ పెట్టినప్పుడు హెడ్‌ఫోన్స్ అనే బొమ్మ వెలగాలి. తీసినప్పుడు దాని కింద నాట్ ప్లగ్డ్ ఇన్ అని రావాలి, పచ్చ టిక్ స్పీకర్స్ మీదికి మారాలి. కొన్ని లాప్‌టాప్‌లలో రెండింటికీ కలిపి స్పీకర్స్ అని ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు పిన్ పెట్టి తీసినప్పుడు వాల్యూమ్ అంకె మారుతుందా, కొత్తగా ఏదో తగిలించారని మూలన మెసేజ్ వస్తుందా అని చూడండి. పేరు పక్కన నిలువుగా పచ్చ గీతలు ఆడుతుంటాయి, వాటినీ గమనించండి. స్పీకర్స్ పక్కన గీతలు ఆడుతున్నా చెవికి ఏమీ వినిపించకపోతే విండోస్ తన పని తాను చేస్తోందని అర్థం. అంటే లోపం దాని తర్వాత, రంధ్రంలోనో స్పీకర్లోనో డ్రైవర్‌లోనో (సౌండ్ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) ఉంది.

పిన్ తీసినా హెడ్‌ఫోన్స్ బొమ్మ అలాగే వెలుగుతుంటే నూటికి తొంభై వంతులు రంధ్రాన్నే అనుమానించండి. ఈ 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లోపల సన్నని రేకు స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. పిన్ లోపలికి వెళ్లినప్పుడు అది పక్కకు జరుగుతుంది. ఆ కదలికను సౌండ్ చిప్ పసిగడుతుంది, డ్రైవర్ స్పీకర్లను ఆపేస్తుంది. పిన్ తీశాక ఆ రేకు తిరిగి తన చోటికి రావాలి. మధ్యలో దుమ్ము ముద్ద ఉన్నా, రేకు వంగినా, తుప్పు పట్టినా రాదు. అప్పుడు లాప్‌టాప్ లెక్కలో ఇయర్‌ఫోన్ ఇంకా తగిలించే ఉంటుంది. మీరు వాల్యూమ్ నూరుకు తీసుకెళ్లినా అది లేని ఇయర్‌ఫోన్‌కే పోతుంది. రేకు సగం సగం తగులుతుంటే సౌండ్ వస్తూ పోతూ ఉంటుంది. మీరు చెప్పింది వింటే నాకు ఇదే అనిపిస్తోంది.

ఆ మిల్లులో కంప్యూటర్ తెచ్చి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే రంధ్రం అంచులో ఇత్తడి మెరుపు ఉండాల్సిన చోట గోధుమ రంగు పొర కనిపించింది. వేలితో తాకితే జిడ్డుగా ఉంది. తవుడులో నూనె ఉంటుంది కదా, ఉత్త దుమ్ములాగా ఊదితే పోదు. మీకు తవుడు లేకపోయినా మన దగ్గర ఎండాకాలం కిటికీ తెరిస్తే టేబుల్ మీద ఎర్రటి దుమ్ము పేరుకుంటుంది. లాప్‌టాప్‌ను బ్యాగులో వేసుకుని రూమ్ నుంచి లైబ్రరీకి తిప్పేవాళ్లకు బ్యాగు నూలు కూడా అందులో చేరుతుంది.

శుభ్రం చేసే పద్ధతి చెప్తాను, తొందరపడకండి. లాప్‌టాప్ పూర్తిగా ఆపండి, చార్జర్ తీసేయండి. ముందు లైటు వేసి లోపల పాత ఇయర్‌ఫోన్ పిన్ కొస ఏదైనా విరిగి ఇరుక్కుందేమో చూడండి. చవక ఇయర్‌ఫోన్స్‌లో ఇది మామూలే. ఏమీ లేకపోతే గాలి పంపుతో రెండు మూడు చిన్న ఊదులు కొట్టండి. నోటితో ఊదకండి, తడి పోతుంది. పళ్ల సందులు తోముకునే సన్నని బ్రష్ కొత్తది దొరికితే దాన్ని మెల్లగా లోపలికి పెట్టి తిప్పి తీయండి. బ్రష్‌లో తీగ ఉంటుంది కాబట్టి బలం చేయకండి. జిడ్డు ఉంటే మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఆ బ్రష్‌కు ఒక్క చుక్క అంటించండి, నేరుగా పోయకండి. తర్వాత బాగా ఆరనివ్వండి. ఆ తర్వాత శుభ్రంగా తుడిచిన పిన్‌ను పెడుతూ, గుండ్రంగా తిప్పుతూ, తీస్తూ ఉంటే రేకు కాస్త వదులవుతుంది. పిన్నీసు, సూది, హెయిర్‌పిన్ మాత్రం వద్దు. రేకు వంగిందంటే ఇక ఇంట్లో బాగుచేయలేం. కొబ్బరినూనె, పెట్రోలు వేసినవాళ్లను కూడా చూశాను. నూనె వేస్తే ఇంకా దుమ్ము పడుతుంది, పెట్రోలు ప్లాస్టిక్‌ను తినేస్తుంది, పైగా నిప్పు భయం. ఆ మిల్లు కంప్యూటర్ ఇలా శుభ్రం చేశాకే స్పీకర్లలో మాట్లాడింది.

ఇంకో లక్షణం కూడా చెప్పాలి, చాలామంది దీన్ని వాల్యూమ్ సమస్య అనుకుంటారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పాటలో వాయిద్యాలు వినిపిస్తాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. క్లాసులో అయితే సార్ మాట అసలే వినపడదు. పిన్ పూర్తిగా లోపలికి వెళ్లకపోయినా, పిన్‌లోని గ్రౌండ్ భాగం (రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే వైరుది) తగలకపోయినా ఇలా అవుతుంది. రెండు చెవులకూ సమానంగా వచ్చే శబ్దం రద్దయిపోయి, తేడా ఉన్న శబ్దమే మిగులుతుంది. గొంతు సాధారణంగా రెండింట్లోనూ సమానంగా రికార్డవుతుంది కాబట్టి అదే మాయమవుతుంది. లాప్‌టాప్‌కు కవర్ వేసి ఉంటే ముందు కవర్ తీసి పిన్ గట్టిగా నొక్కి చూడండి.

ఇప్పుడు రెండో సంగతి. పరీక్షలో బొమ్మ సరిగ్గానే మారుతోంది, కానీ స్పీకర్ సౌండ్ సన్నగా ఉంది అనుకుందాం. అప్పుడు రంధ్రం మంచిదే. అదే ప్లేబ్యాక్ పెట్టెలో చివరన కమ్యూనికేషన్స్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది. కాల్ మాట్లాడుతున్నారని విండోస్‌కు అనిపిస్తే మిగతా శబ్దాలన్నిటినీ 80 శాతం తగ్గించమని అక్కడ ముందే పెట్టి ఉంటుంది. మా చెల్లె పాలమూరులో హాస్టల్‌లో ఉండి చదివేటప్పుడు ఆన్‌లైన్ డౌట్ క్లాసు అయిపోయాక మీటింగ్ యాప్‌ను మూయకుండా పక్కకు పెట్టేది. మైకు ఇంకా ఆ యాప్ చేతిలోనే ఉండేది. తర్వాత వీడియో పెడితే సౌండ్ చచ్చిపోయినట్టు ఉండేది. ఫోన్‌లో నేను చెప్తుంటే తను అక్కడ డూ నథింగ్ అనే దానికి టిక్ పెట్టి ఓకే కొట్టింది. సౌండ్ మామూలుగా వచ్చేసరికి "అన్నా, ఇంతేనా!" అంది. మీకు మీటింగ్ క్లాసులు ఉంటే ముందు దీన్నే చూడండి.

అక్కడ సరిగ్గానే ఉంటే వాల్యూమ్ మిక్సర్ తెరవండి. స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ కొడితే కనిపిస్తుంది. వీడియో ప్లే అవుతుండగానే తెరవాలి, లేకపోతే ఆ యాప్ పేరు అందులో రాదు. బ్రౌజర్ గీత కిందికి జారి ఉంటే పైకి జరపండి. విండోస్ 11లో ఒక్కో యాప్‌కు సౌండ్ ఎక్కడికి వెళ్లాలో కూడా అక్కడే ఉంటుంది. ఎప్పుడో ఇయర్‌ఫోన్స్‌ను ఎంచుకుని ఉంటే దాన్ని డిఫాల్ట్‌కు మార్చండి. కింద రీసెట్ బటన్ ఉంది, అది నొక్కితే అన్ని యాప్‌ల సౌండ్ లెక్కలు మొదటికి వస్తాయి. మీ ఫైళ్లకు ఏమీ కాదు.

బ్లూటూత్ నెక్‌బ్యాండ్ వాడేవాళ్లకు ఒక మాట. విండోస్ 10లో ఒకే నెక్‌బ్యాండ్ రెండు పేర్లతో కనిపిస్తుంది, స్టీరియో అని ఒకటి, హ్యాండ్స్-ఫ్రీ అని ఒకటి. హ్యాండ్స్-ఫ్రీ ఫోన్ మాటల కోసం ఉన్నది కాబట్టి అందులో సౌండ్ పాత ల్యాండ్‌లైన్‌లాగే వస్తుంది. వాల్యూమ్ బటన్లు కూడా సరిగ్గా పలకవు. క్లాసు వినేటప్పుడు స్టీరియో ఎంచుకోండి. ఇక నెక్‌బ్యాండ్ ఆపకుండా బ్యాగులో వేస్తే లాప్‌టాప్ దానికే సౌండ్ పంపుతూ ఉంటుంది. ఇది చాలా ఇళ్లల్లో జరుగుతుంది.

టైప్-సీ ఇయర్‌ఫోన్స్ వైరు మీద ఉండే వాల్యూమ్ బటన్ లోపలికి ఇరుక్కుపోతే స్క్రీన్ మీద వాల్యూమ్ గీత తనంతట తానే సున్నాకు దిగుతుంది. అవి తీసేయగానే ఆగిపోతే తప్పు ఇయర్‌ఫోన్స్‌దే.

అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకోసం: పాత క్యాబినెట్లలో ముందు వైపు ఆడియో వైరుకు రెండు తలలు ఉంటాయి, ఏసీ'97 అని పాత పద్ధతిది ఒకటి, హెచ్‌డీ ఆడియో అని కొత్త పద్ధతిది ఒకటి. 2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియో ఉన్న మదర్‌బోర్డులకు హెచ్‌డీ ఆడియో తలే పెట్టాలి. ఏసీ'97 పెడితే ముందు రంధ్రంలో పిన్ ఉందో లేదో బోర్డుకు సరిగ్గా తెలియదు.

పైవన్నీ చూశాక డ్రైవర్ జోలికి వెళ్లండి. దానికంటే ముందు ఒకసారి రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం దీనికి సరిపోదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది కాబట్టి షట్‌డౌన్‌లో డ్రైవర్ల పాత స్థితి డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. రీస్టార్ట్‌లో కొత్తగా లోడ్ అవుతుంది. తర్వాత డివైస్ మేనేజర్‌లో సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ కింద మీ సౌండ్ చిప్ పేరు, చాలా లాప్‌టాప్‌లలో రియల్‌టెక్ అని, ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పటి నుంచే సమస్య మొదలైతే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. అది లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి రీస్టార్ట్ చేయండి, విండోస్ తానే మళ్లీ ఎక్కిస్తుంది. లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు ఉన్న ఆడియో డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇందులో ఎక్కడా మీ నోట్సు పోదు.

ఈ పరీక్షలు చేసేటప్పుడు ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకోకండి. స్పీకర్ కోసం అన్ని గీతలూ నూరుకు జరిపి, హఠాత్తుగా పిన్ తగిలితే చెవి అదిరిపోతుంది. పెద్దవాళ్లకు వారానికి 40 గంటల వరకు 80 డెసిబెల్స్ దాటకుండా వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గ్రూప్స్‌కు చదివేవాళ్లు వారానికి అన్ని గంటలు సులువుగా వింటారు. మీ స్పీకర్లు బాగైతే రూమ్‌లో ఒక్కరే ఉన్నప్పుడు వాటితోనే వినండి.

అన్నీ చేసినా పిన్ తీశాక హెడ్‌ఫోన్స్ బొమ్మ వెలుగుతూనే ఉంటే రంధ్రం మార్చాల్సిందే. కొన్ని మోడళ్లలో అది చిన్న విడి బోర్డు మీద ఉంటుంది, సులువుగా మారుస్తారు. మరికొన్నింట్లో మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ చెయ్యి తిరిగిన మనిషి కావాలి. పరీక్ష దగ్గర పడింది, లాప్‌టాప్ షాపులో వదిలిపెట్టలేను అనుకుంటే యూఎస్‌బీ సౌండ్ కార్డు అని చిన్నది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని యూఎస్‌బీలో పెట్టి ఇయర్‌ఫోన్స్ గానీ చిన్న స్పీకర్లు గానీ దానికి తగిలించి, ప్లేబ్యాక్ పెట్టెలో దాన్ని డిఫాల్ట్ చేస్తే పాడైన రంధ్రంతో పనే ఉండదు. ముందు ఆ పెట్టె తెరిచి పిన్ పెట్టి తీసినప్పుడు ఏం కనిపించిందో, మీ లాప్‌టాప్ మోడల్ ఏదో కింద రాయండి. రాత్రి మిల్లు నుంచి వచ్చాక చూసి చెప్తాను.