బ్యారెట్స్ రిపోర్టులో పీ53 నెగెటివ్ అంటే భయం లేనట్టేనా?

మీ నాన్నగారి ఎండోస్కోపీ బయాప్సీలో "బ్యారెట్స్ ఈసోఫేగస్, ఇన్‌డెఫినిట్ ఫర్ డిస్‌ప్లాసియా" అని, కింద "పీ53: నెగెటివ్" అని ఉంది, ఇక భయం లేనట్టేనా అని అడిగారు. బ్యారెట్స్ అంటే యాసిడ్ పదే పదే పైకి తన్ని అన్నవాహిక లోపలి పొర పేగు పొరలా మారిపోవడం. ఇన్‌డెఫినిట్ అంటే డిస్‌ప్లాసియా ఉందో లేదో తేల్చలేకపోయారని. నెగెటివ్ అన్న ఒక్క మాట చూసి అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం. నాకూ బ్యారెట్స్ ఉంది, మొదటి రిపోర్టులో ఈ ఇన్‌డెఫినిట్టే వచ్చింది కాబట్టి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు.

డిస్‌ప్లాసియా అంటే క్యాన్సర్ కాదు, కణాలు ఆ దారి పట్టే మార్పు. చిక్కేమిటంటే యాసిడ్ పైకి ఎగదన్ని అన్నవాహిక పుండు పడినప్పుడు, మానుతున్న కణాలు కూడా పెద్ద పెద్ద న్యూక్లియస్‌లతో దాదాపు అలాగే కనిపిస్తాయి. మామూలు స్టెయిన్ (కణాలు కనిపించడానికి వేసే రంగు) వేసిన స్లైడ్ చూసి ఇద్దరు పాథాలజిస్టులు రెండు రకాలుగా చెప్పడం కొత్తేమీ కాదు. అందుకే కణాల్లో పీ53 అనే ప్రోటీన్ ఎలా ఉందో చూపే స్టెయిన్ కూడా చేయిస్తారు. బ్రిటిష్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2014 గైడ్‌లైన్స్ కూడా దీన్ని మామూలు పరీక్షకు తోడుగానే సూచించాయి, దాని బదులుగా కాదు.

ఇప్పుడు అసలు విషయం. పీ53 ప్రోటీన్ బాగున్న కణాల్లోనూ కొద్దిగా ఉంటుంది, స్టెయిన్ వేస్తే అక్కడక్కడ న్యూక్లియస్‌లు లేత గోధుమరంగులో కనిపిస్తాయి, దీన్ని వైల్డ్‌టైప్ అంటారు. దాన్ని తయారుచేయించే జీన్ చెడితే చాలాసార్లు ఆ ప్రోటీన్ పేరుకుపోయి న్యూక్లియస్‌లన్నీ వరసగా ముదురు రంగు పట్టేస్తాయి. కొన్నిసార్లు మాత్రం ప్రోటీనే తయారుకాదు, ఆ కణాల్లో రంగు చుక్క కూడా ఉండదు. దీన్ని నల్ అంటారు, ఇదీ అసహజమే! ఒట్టి "నెగెటివ్" అని రాసేస్తే అది వైల్డ్‌టైపో, నల్లో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? పక్కనున్న మామూలు కణాలకు రంగు పట్టిందో లేదో చూసుకుని పాథాలజిస్టే తేల్చాలి, ఎందుకంటే వాటికీ పట్టకపోతే స్టెయిన్ సరిగా పడలేదేమో అని అనుమానించాలి.

నా రిపోర్టులోనూ ఒట్టి నెగెటివ్ అనే ఉంది. జీర్ణవ్యవస్థ బయాప్సీలు ఎక్కువగా చూసే ఇంకో పాథాలజిస్టుకి స్లైడ్లు, బయాప్సీ ముక్కను దాచిన మైనపు బ్లాక్ పంపించమని మా డాక్టరుగారిని అడిగాను. బ్లాక్ ల్యాబ్‌లో ఉంటుంది, అందులోంచే ఇంకో పొర కోసి స్టెయిన్ వేస్తారు, దీనికోసం మళ్లీ గొట్టం వేయించుకోనక్కర్లేదు. వాళ్లు వైల్డ్‌టైప్ అని స్పష్టంగా రాశారు. అయినా ఫాలోఅప్ తప్పలేదు, వైల్డ్‌టైప్ వచ్చినంత మాత్రాన డిస్‌ప్లాసియా లేదని కాదు కదా. యాసిడ్ మందు డోసు పెంచి, పుండు మానాక మళ్లీ బయాప్సీ తీస్తే డిస్‌ప్లాసియా లేదని వచ్చింది.

రిపోర్టులో కేఐ-67 శాతం (ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో చెప్పే అంకె) కూడా ఉంటే దాన్ని నెట్‌లో వెతికి బెంబేలెత్తకండి. మానుతున్న కణాలూ చురుగ్గా విభజన చెందుతాయి, బ్యారెట్స్‌లో ఆ అంకె పెద్దగా తేల్చేదేమీ లేదు. 3 లోపు, 3 నుంచి 20, 20 పైన అని కనిపించే గ్రేడులు న్యూరోఎండోక్రైన్ గడ్డలవి, అది వేరే జబ్బు.

ఇన్‌డెఫినిట్ వస్తే మామూలుగా యాసిడ్ మందు గట్టిగా ఇచ్చి 6 నెలల్లోపు మళ్లీ ఎండోస్కోపీ చేస్తారు. నాన్నగారికి ఆ తేదీ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఈలోగా మంట తగ్గింది కదా అని ఆయన్ని మందు మానేయనివ్వకండి, మానేస్తే మళ్లీ పుండు పడి రెండో రిపోర్టులోనూ ఇదే ఇన్‌డెఫినిట్ రావచ్చు.