టెక్ సందేహాలు: నేమ్‌ప్లేట్ 1440 అంటే మీటర్ 5808 అంటోందేంటి?

మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్పీఎం) తిరుగుతోందో చూపించే, చేతిలో పట్టుకునే టాకోమీటర్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరకడం మొదలైన దగ్గర్నించి నాకు ఒకటే గోల. మీటర్ తప్పు చూపిస్తోంది, రిటర్న్ పెట్టెయ్యమంటారా అని. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి వైపు నించి వచ్చిన ఈ మెయిల్‌లో అయితే ఆ తప్పులన్నీ ఒకే చోట దొరికాయి, దీనికి జవాబు రాస్తే మిగతావాళ్ళకీ సరిపోద్ది.

ఆయన రాసింది ఇదీ: "రొయ్యల చెరువుకి నీళ్ళు తోడే 5 హెచ్‌పీ మోటారు అన్నా, బెల్టు మీద పంపు. నేమ్‌ప్లేట్ మీద 1440 ఉంది. లైటు కొట్టి చూస్తే 5808 వస్తోంది, రబ్బరు ముక్కు ఆనించి చూస్తే ఓసారి 1452, ఓసారి 1380, ఓ రోజు ఏకంగా 145.2. రాత్రి షెడ్డులో చూస్తే పుల్లీ మీద స్టిక్కర్లు మెల్లగా వెనక్కి తిరుగుతున్నాయి, రివర్స్ అయిందా ఏంటి? మొబైల్ స్టార్టర్ పెట్టిన కాణ్ణించే ఇదంతా. లైటు బాగా పడాలని స్టిక్కర్లు నాలుగు అంటించా."

నాలుగు అంటించారు కదా, అదే. మెరిసే టేపు ముక్క కళ్ళ ముందు నించి పోయిన ప్రతిసారీ మీటర్ ఒక చుట్టు అని లెక్కేసుకుంటుంది, దానికి వేరే తెలివేం లేదు. 5808ని నాలుగుతో భాగించండి, 1452. ఒక్క ముక్క చాలు, అదీ గోరంత.

ఇక 145.2 సంగతి. ఆ డబ్బాలో రబ్బరు కోనుతో పాటు చిన్న చక్రం ఒకటి వస్తుంది చూశారా, అది బెల్టు మీద ఆనించి బెల్టు పరుగు కొలవడానికి, ఒక చుట్టుకి 10 సెంటీమీటర్లు వచ్చేలా చేస్తారు. మోడ్ బటన్ మీద మీ వేలు పడి నిమిషానికి ఇన్ని మీటర్లు అనే లెక్కలోకి పోయింది, 1452 చుట్లు అంటే 145.2 మీటర్లు. పాపం మీటర్ మూడుసార్లూ ఒకటే మాట చెప్పింది, మీరే మూడు రకాలుగా విన్నారు. కానీ తప్పంతా మీ మీద వెయ్యను, ఈ డిజైన్ చేసినోడిని కూడా నిలదియ్యాలి, మోడ్ మారినప్పుడు అద్దం మీద ఆవగింజంత అక్షరాలు మారతాయి తప్ప ఇంకేం మారదు, గట్టు మీద ఎండలో నిలబడి అవెవరికి కనపడతాయండీ?

1380కి మాత్రం రెండు కారణాలుండొచ్చు. ఒకటి, రబ్బరు జారడం. షాఫ్ట్ చివర లేత్ మీద సెంటర్ కొట్టిన గుంట ఉంటుంది, అందులో గ్రీజు, మట్టి, చెరువు దగ్గరైతే పాకుడు కూడా చేరి ఉంటుంది, కోను అందులో జారితే తక్కువే చూపిస్తుంది. గట్టిగా నొక్కేస్తే సరిపోద్ది అనుకోకండి, 5 హెచ్‌పీకి మీ చెయ్యి లెక్కలేదు గానీ చిన్న మోటార్లయితే మీ నొక్కుడికే స్పీడు తగ్గుద్ది, పైగా ముక్కు వంకరయ్యి అంకెలు ఆడుతుంటాయి. షాఫ్ట్‌కి తిన్నగా పట్టుకుని, జారకుండా ఉండేంత ఆనించి, చివరి అంకె నిలబడేదాకా రెండు మూడు సెకన్లు ఆగండి. రెండో కారణం, మెమరీ బటన్. అది ఆఖరిది, గరిష్ఠం, కనిష్ఠం మూడూ దాచుకుంటుంది. మీరు ముక్కు తీసేశాక కొలిచే బటన్ వదిలితే ఆ తీసేటప్పుడు పడిపోయిన అంకె కనిష్ఠం అయి కూర్చుంటుంది, తరవాత మీరు దాన్ని చూసి బెంగపడతారు. షాఫ్ట్ మీద ఉండగానే కొలిచే బటన్ వదిలెయ్యండి, అంతే.

"లో వోల్టేజి వల్ల 1380కి దిగిందేమో" అని అనేవాళ్ళకి కూడా ఇక్కడే చెప్పేస్తా. నాలుగు పోళ్ళ మోటారుకి సెకనుకి 50 సైకిళ్ళ కరెంటు మీద లెక్క ప్రకారం 1500, ఫుల్ లోడ్‌లో 60 వెనకబడి 1440, నేమ్‌ప్లేట్ మీద ఉన్నది అదే. లోడు కాస్త తక్కువుంటే 1452 రావడం మామూలే. ఆ వెనకబాటు వోల్టేజి వర్గానికి తిరగబడి పెరుగుద్ది, అంటే 415 కాస్తా 340కి పడిపోయినా ఫుల్ లోడ్‌లో 89 వెనకబడుద్ది, 1411 దగ్గర ఉంటుంది. 1380కి దిగాలంటే వోల్టేజి దాదాపు 293కి రావాలి, అక్కడ అసలు ట్రిప్ అవ్వాలి, అవ్వకపోతే మీటర్ చూడక్కర్లేదు, వైండింగ్ కమురు వాసనే చెప్పేస్తుంది. ఇండక్షన్ మోటారు లో వోల్టేజిలో పెద్దగా నెమ్మదించదండీ, ఆంపియర్లు లాగి లాగి కాలిపోద్ది. అందుకే టాకోతో పాటు ఆంపియర్లు చూపించే క్లాంప్ మీటర్ కూడా చేతిలో ఉండాలని ఎప్పట్నించో మొత్తుకుంటున్నా.

స్టిక్కర్లు వెనక్కి తిరగడం అయితే చదివి నవ్వొచ్చింది గానీ నవ్వాల్సింది కాదు. షెడ్డులో చవక ఎల్‌ఈడీ బల్బు ఉండుంటుంది. అది సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటుంది. 1500 మీద తిరిగే పుల్లీ ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య సరిగ్గా పావు చుట్టు పోతుంది, మీరేమో నాలుగు స్టిక్కర్లు పెట్టారు, ఒకటున్న చోటికి పక్కది వచ్చి నిలబడుద్ది, కంటికి ఆగినట్టే. మీది 1452 కాబట్టి ప్రతి మెరుపుకీ కొంచెం వెనకబడి నిమిషానికి 48 చుట్లు వెనక్కి పోతున్నట్టు కనపడుద్ది. లైటు కొట్టే మీటర్ బాగుందో లేదో చూడ్డానికి కూడా ఇదే చిట్కా, పాత చోకు రకం ట్యూబులైటు వైపు తిప్పండి, 6000 దగ్గర చూపించాలి. భయమేంటంటే, నిద్రకళ్ళతో ఉన్న కుర్రోడు ఆ పుల్లీని చూసి ఆగిపోతోంది కదా అని చెయ్యి పెడతాడు. షెడ్డులో ఆ బల్బు మార్చండి, లేదా పక్కన మామూలు పాత బల్బు ఒకటి వెలిగించండి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మీరు మీటర్ గురించి రాశారు, నాకు నిద్రపట్టనిది మాత్రం మీరు మధ్యలో అనేసిన మాట, మొబైల్ స్టార్టర్, అదే, ఫోన్ చేస్తే మోటారుని లేపే డబ్బా.

గుంట తుడవాలన్నా, టేపు అంటించాలన్నా మోటారు ఆపి, షాఫ్ట్ పక్కన గొంతుక్కూర్చుని చేతులు పెట్టాలి. సరిగ్గా అప్పుడు ఎక్కడో ఎవరో ఫోన్ చేస్తే ఆ మోటారు లేస్తుంది. రెండేళ్ళ కిందట ఆకివీడు దగ్గర మా బాబాయి చెరువు మీద నాకే అయింది. స్టార్టర్ ఆపాం, నేను గుడ్డ ముక్క గుంటలో పెట్టి తిప్పుతున్నా, స్టార్టర్‌లో కరెంటు కలిపే కాంటాక్టర్ టక్కుమంది, గుడ్డ నా వేళ్ళలోంచి లాక్కుని పోయి బెల్టులో చుట్టుకుంది. మెడలో తుండుగుడ్డ ఉండుంటే ఈ కాలమ్ ఇంకోళ్ళు రాసేవారు. బాబాయి ఫోన్‌కి వెంటనే మెసేజ్, మోటార్ ఆన్, ఫలానా నంబర్ నించి అని. ఆ నంబర్‌కి చేస్తే లోన్ కావాలా సార్ అంటున్నాడు! వాడి పాటికి వాడు వరసగా నంబర్లు నొక్కుకుంటూ పోతున్నాడు, ఏ నంబర్ నించి రింగ్ వచ్చినా మోటారు లేపమని స్టార్టర్‌లో సెట్టింగ్ ఉంది. బిగించినోడు రెండు నిమిషాల్లో పని తేలిపోద్దని అలా వదిలేసి వెళ్ళాడు. పాస్‌వర్డ్ కూడా డబ్బాలోంచి వచ్చినప్పటిదే, నాలుగు అంకెలు, ఆ మోడల్ కొన్న అందరికీ తెలిసినవే.

ఇలాంటి సామాను అమ్మేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. ఫోన్లకి మూడు నెలలకోసారి అప్‌డేట్ రాకపోతే గోల చేస్తాం, మూడు ఫేజుల మోటారుని లేపే డబ్బాకి మాత్రం పుట్టాక ఒక్క అప్‌డేట్ ఉండదు, అడిగేవాడూ లేడు. మీరు చెయ్యాల్సింది ఈ రోజే చెయ్యండి. రిజిస్టర్ అయిన నంబర్లు మాత్రమే పనిచేసే సెట్టింగ్ పెట్టండి. పాస్‌వర్డ్ మార్చండి. అందులో ఎవరెవరి నంబర్లున్నాయో తెప్పించి చూడండి, బిగించినోడి నంబర్, పని మానేసి పోయిన గుమస్తా నంబర్ కచ్చితంగా ఉంటాయి, తీసెయ్యండి. మీ పాత నంబర్ ఉందేమో కూడా చూడండి, రీచార్జ్ చెయ్యక కట్ అయిన నంబర్‌ని 90 రోజులు దాటాక ఇంకోళ్ళకి ఇచ్చేస్తారు, ఆ ఇంకోళ్ళకి మీ చెరువు తాళం చెవి ఫ్రీగా ఇచ్చినట్టే.

ఇవన్నీ చేసినా షాఫ్ట్ మీద చెయ్యి పెట్టే ముందు ఫీజులు పీకాల్సిందే. స్టార్టర్ ఆఫ్ నొక్కితే ఆఫ్ అయినట్టు కాదు, ఆటో స్విచ్ ఉంటే కరెంటు పోయి రాగానే కూడా లేస్తుంది. మూడు ఫీజులూ పీకి జేబులో వేసుకోండి, పక్కోడి చేతికి కూడా ఇవ్వొద్దు.

కోనసీమ నించి ఒకాయన ఫోన్‌లో మైకుతో ఆర్పీఎం చెప్పే యాప్ గురించి అడిగారు. చప్పుడుని బట్టి ఉజ్జాయింపుగా చెప్పే యాప్‌లు ఉన్నాయి, పనికొస్తాయి. కానీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఏపీకే, అంటే ప్లే స్టోర్ బయటి యాప్ ఫైలు, వేసుకున్నారంట, అది ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే ఓకే కొట్టారంట. చప్పుడు వినేదానికి మీ ఓటీపీలు ఎందుకండీ? తీసెయ్యండి, బ్యాంక్ ఖాతా చూసుకోండి, డబ్బులు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

కాళ్ళ అనే ఊరి నించి ఇంకొకరు, జనరేటర్ మీద చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు మెల్లగా తిరుగుతున్నాయి, వోల్టేజి మాత్రం బానే ఉంది అన్నారు. టాకో ఇంజన్ షాఫ్ట్ చివర ఆనించి చూడండి. నాలుగు పోళ్ళ ఆల్టర్నేటర్‌కి నిమిషానికి 30 చుట్లకి సెకనుకి ఒక సైకిల్, 1500 ఉంటే 50, 1440 ఉంటే 48. లోడు మొత్తం వేశాక చూడాలి, ఖాళీగా నడుస్తున్నప్పుడు 1500 చూసి మురిసిపోతే లాభం లేదు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారగట్టే కాబట్టి అప్పుడే వెళ్ళి కొలవండి. ఇంజన్ స్పీడు సరిచేసే గవర్నర్ స్క్రూ మీరు తిప్పకండి, మెకానిక్‌ని పిలిచి మీ అంకె చూపించండి.

బాబాయి ఇప్పుడు ఫీజుల విషయంలో నాకన్నా పట్టుదలగా ఉన్నాడు. మొన్న అవి జేబులో వేసుకుని పాలకొల్లు పెళ్ళికి వచ్చేశాడు, పప్పన్నం తింటుండగా ఫోను, చెరువుకి నీళ్ళు పెట్టాలి ఫీజులు ఎక్కడండీ అని.