సన్న గీత కనిపించగానే పాజిటివ్ అని రాయకు

చిరంజీవి మేనకోడలికి, రాయగడ నుంచి మామయ్య ఆశీస్సులు.

సిరోంచలో జన్యు సవరణకు వాడే క్రిస్పర్ సాధనంతో చేసే మలేరియా పట్టీ పరీక్షల అధ్యయనంలో చేరావని మీ అమ్మ చెప్పింది. 2020లో కోవిడ్‌కు ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ వారి ఫెలూదా అనే క్రిస్పర్ పట్టీ పరీక్షకు అనుమతి వచ్చినప్పుడే, మన కొండ ఊళ్ల జ్వరాలకు ఇలాంటిది ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశాను. ఏళ్ల తరబడి మైక్రోస్కోపు కింద రక్తపు స్లైడ్లు చదివినవాణ్ని కనుక నాలుగు మాటలు చెబుతాను.

మీరు వాడే క్యాస్12 అనే కత్తెర లాంటి ఎంజైముకు, గైడ్ ఆర్‌ఎన్‌ఏ (ఏ వరుసను వెతకాలో దారి చూపే ముక్క) చూపిన డీఎన్‌ఏ వరుస దొరికితే, చుట్టూ ఉన్న ఒంటిపేట డీఎన్‌ఏ ముక్కలను కూడా కత్తిరించేస్తుంది. పట్టీ మీద గీత వచ్చేది అందువల్లే. అయితే అంతకుముందే పరాన్నజీవి డీఎన్‌ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీస్తాం కదా, చిక్కంతా అక్కడే. నకళ్లు తీసిన ఆ గొట్టం మూత తీయగానే కంటికి కనబడని తుంపర లేస్తుంది. అది చుక్కలు కొలిచి పోసే పిపెట్‌కు అంటిందంటే, రేపు వచ్చే ఆరోగ్యవంతుడి రక్తం కూడా పాజిటివే! అందుకని రక్తం కలిపే గది వేరు, మూత తెరిచే గది వేరు. పిపెట్, కోటు, చివరికి పెన్ను కూడా గది దాటకూడదు. ఫిల్టరు టిప్పులే వాడు. బల్లను హైపోక్లోరైట్‌తో తుడువు; స్పిరిట్‌తో డీఎన్‌ఏ నశించదు.

ప్రతి విడతలో ఒక గొట్టంలో రక్తానికి బదులు శుద్ధమైన నీళ్లు పెట్టు. కొన్ని పట్టీల మీద నెగెటివ్‌కూ సన్న గీత వస్తుంది. అందుకే రోగి పట్టీని నీళ్ల పట్టీ పక్కన పెట్టి, చెప్పిన సమయానికే చదువు. నీళ్లే పాజిటివ్ అయితే, బయట ఎంతమంది కూర్చుని ఉన్నా, ఆ విడత మొత్తం పారేయాల్సిందే. మొహమాటపడవద్దు.

జన్యు సవరణ అనగానే జనం జంకుతారు. ‘మీ ఒంట్లోకి ఏమీ ఎక్కించం, వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను గొట్టంలోనే చూస్తాం’ అని తెలుగులోనో గోండిలోనో ముందే చెప్పు.

మలేరియా ర్యాపిడ్ కిట్ వెతికే హెచ్‌ఆర్‌పీ2 అనే పరాన్నజీవి ప్రొటీను మందు వేసుకున్నాక కూడా వారాల తరబడి రక్తంలో ఉండిపోతుంది; దాన్ని తయారుచేసే జన్యువు లేని ఫాల్సిపారం రకం మలేరియా పరాన్నజీవి ఆ కిట్‌కు చిక్కదు. మీ పరీక్ష మీద నాకు ఆశ కలిగింది అందుకే. అయినా స్లైడు మానవద్దు. పరాన్నజీవులు ఎంత దట్టంగా ఉన్నాయో డాక్టరుకు చెప్పేది స్లైడే. నెలాఖరుకు నీళ్ల గొట్టాల ఫలితాలు మాత్రం నాకు ఫొటో తీసి పంపు, చూస్తాను.

మామయ్య