హామ్లెట్ ఎందుకు ఆలస్యం చేశాడంటే: ఓ రక్తపు రుమాలు, కొన్ని చిరిగిన అర్జీలు

"హామ్లెట్‌కి తండ్రి దెయ్యం మొదటి అంకంలోనే హంతకుడెవరో చెప్పేసింది కదా, మరి ఐదో అంకం దాకా ఎందుకు సాగదీశాడు? రివెంజ్ ట్రాజెడీలన్నిటికీ (పగ తీర్చుకునే విషాద నాటకాలకి) ఇదే రూలా?" అని అడిగారు.

రూలే. కాకపోతే గైడుల్లో రాసినట్టు "ఆలోచన ఎక్కువ, చేత తక్కువ" అన్నది కారణం కాదు. దెయ్యం మాట సాక్ష్యానికి చెల్లదు, అదీ అసలు సంగతి. చచ్చిపోయిన తండ్రి రూపంలో సైతాను వచ్చి ఉండొచ్చని హామ్లెటే అనుమానపడతాడు. అందుకే నాటకంలో నాటకం వేయించి బాబాయి మొహం చూస్తాడు. రుజువు కోసం తిరగడం కూడా ఈ నాటకాల కథలో భాగమే.

ఈ పద్ధతి అర్థం కావాలంటే హామ్లెట్‌ని కాసేపు పక్కన పెట్టి, అంతకుముందే వచ్చిన థామస్ కిడ్ 'స్పానిష్ ట్రాజెడీ' తెరవాలి. లండన్ రోజ్ థియేటర్ యజమాని హెన్స్‌లో లెక్కల పుస్తకంలో 1592 నాటికే దాని వసూళ్లు కనిపిస్తాయి. దెయ్యం, పిచ్చి, నాటకంలో నాటకం, చివర్లో శవాల వరస అన్నీ అందులో ఉన్నాయి. మన ఎం.ఏ. ఇంగ్లీషు నోట్సుల్లో ఈ నాలుగూ అయిదు మార్కుల ప్రశ్నకు జవాబు. ఆ నోట్సు రాసినవాళ్లు వదిలేసేది ఒక్కటే, అర్జీ. నన్నడిగితే అది లేని కథ వట్టి పగ కథ.

కథానాయకుడు హిరోనిమో స్పెయిన్ రాజు దగ్గర న్యాయాధికారి. ఊళ్లోవాళ్ల గొడవలు తీర్చడమే ఆయన ఉద్యోగం. కొడుకు హొరేషియోని తోటలో పందిరికి ఉరేసి, కత్తులతో పొడిచి చంపుతారు. అరుపు విని ఆయన పడుకున్న చొక్కాతోనే బయటికొస్తాడు. శవాన్ని దించాక గానీ తన కొడుకేనని పోల్చుకోడు. చంపించిన లొరెంజో రాజుగారి సొంత తమ్ముడి కొడుకు. ఇప్పుడు ఎవరి దగ్గరికెళ్లాలి?

ఆయన తొందరపడడు. ముందు పైనుంచి రక్తంతో రాసిన ఉత్తరం ఒకటి పడుతుంది (అచ్చు ప్రతిలో ఆ చోట "ఎర్ర సిరా" అని సూచన కూడా ఉంది). అందులో పేర్లున్నా, ఇది ఉచ్చేమోనని నమ్మడు. తర్వాత, హొరేషియో హత్యలో చెయ్యేసిన పెడ్రింగానో అనే నౌకరుకి ఇంకో నేరంలో ఉరిశిక్ష పడుతుంది. క్షమాభిక్ష కాగితం పెట్టెలో ఉందని లొరెంజో కబురంపితే, ఆ ధైర్యంతో వాడు ఉరికొయ్య దగ్గర తలారితో జోకులేస్తాడు. పెట్టె మోసుకొచ్చిన కుర్రాడు దారిలోనే మూత తీసి చూశాడు, లోపల ఏమీ లేదు. ఉరి అయ్యాక పెడ్రింగానో దగ్గర దొరికిన ఉత్తరంతో రెండో రుజువు కుదురుతుంది. అప్పుడు రాజు దగ్గరికి న్యాయం కోసం పరిగెత్తితే లొరెంజో మధ్యలో అడ్డుపడతాడు. హిరోనిమో బాకు తీసి నేలను పొడుస్తూ తవ్వుతాడు, కొడుకును బయటికి తీస్తానని.

తర్వాత వచ్చేది మూడో అంకంలో 13వ రంగం. నిడివి తగ్గించాలంటే మొదట కత్తెర పడేది దీనిమీదే, నా ఫిర్యాదూ దీని గురించే. ఊరివాళ్లు అర్జీలు పట్టుకుని వస్తారు, ఒకడి చేతిలో బాండు, ఇంకొకడి చేతిలో కౌలు పత్రం. వెనకాల బజుల్టో అనే ముసలాయన నోరెత్తకుండా నిలబడి ఉంటాడు. ఏమిటని అడిగితే కాగితం ఇస్తాడు. చంపేసిన కొడుకు కోసం అర్జీ అది. కళ్లు తుడుచుకోమని హిరోనిమో జేబులోంచి రుమాలు తీస్తాడు. అది కొడుకు రక్తంలో ముంచి దాచుకున్న రుమాలు. అక్కడినుంచి ఆయన మతి నిలవదు. అందరి కాగితాలూ లాక్కుని పళ్లతో పరపరా చింపేస్తాడు. కౌలుదారు లబోదిబోమంటాడు, పది పౌండ్లు పోసి రాయించుకున్నానయ్యా అని. హిరోనిమో మాత్రం, నేను గాయం చెయ్యలేదు, ఒక్క చుక్క రక్తం కారిందేమో చూపించు అంటాడు.

న్యాయాధికారే అర్జీలు చింపిన ఈ క్షణం తీసేస్తే మిగిలేది కత్తి పట్టుకున్న ముసలాయన, అంతే. ప్రేక్షకుడు అతని వైపు ఉండడు.

ఈ నాటకం వేసేవాళ్లు ఉంటే కొన్ని విషయాలు. రుమాలు కనీసం మూరెడు చదరం ఉండాలి, చిన్నదైతే పదో వరసకి కనపడదు. ఒకటి చాలదు, రెండు కావాలి. రెండో అంకంలో తెల్లది, శవం చొక్కా కింద రంగులో తడిపిన స్పాంజి పెడితే అక్కడే ఎర్రబారుతుంది. మూడో అంకానికి ముందే రంగేసి ఎండబెట్టినది వాడాలి, ముదురు గోధుమ రంగులో, బిరుసుగా. రక్తం రోజుల తరబడి ఎర్రగా ఉండదు. చాలామంది అదే ఎర్ర గుడ్డ మళ్లీ తీస్తారు, చూసేవాళ్లకి నిన్న మొన్న జరిగినట్టుంటుంది. నాలుగో అంకంలో శవాన్ని చూపించేటప్పుడు అదే బిరుసు గుడ్డ మళ్లీ బయటికి రావాలి. ఇక అర్జీలకు జిరాక్స్ కాగితం పెడితే పళ్లతో చిరగదు, నటుడు తంటాలు పడుతుంటే జనం నవ్వుతారు. పల్చటి కాగితం తీసుకుని అంచున ముందే చిన్న గాటు పెట్టండి. ఉరి సీనులో బరువు చంకల కింద కట్టిన పట్టీ మీద పడాలి, మెడ తాడు ఉత్త అలంకారం.

యుద్ధంలో చచ్చి, తన చావుకు పగ కోసం చూస్తున్న ఆండ్రియా దెయ్యాన్నీ, పక్కనుండే 'ప్రతీకారం' పాత్రనీ లోపలికి పంపేయకండి. వాళ్లిద్దరూ మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడాలి. మూడో అంకం చివర్లో ప్రతీకారం నిద్రపోతే దెయ్యం కంగారుపడి లేపుతుంది. "ఎందుకింత ఆలస్యం" అన్న మీ ప్రశ్నే ఆ దెయ్యం కూడా అడుగుతోంది! దెయ్యం చేత అతిగా అరిపించకండి, అది ఆ రోజుల్లోనే ఎగతాళి అయిపోయింది. "హామ్లెట్, పగ తీర్చు!" అని ఆల్చిప్పలమ్మే ఆవిడలా దెయ్యం అరిచేదని 1596లోనే రచయిత థామస్ లాడ్జ్ వెక్కిరించాడు. అది షేక్‌స్పియర్ రాసినది కాదు, అంతకుముందు ఆడిన హామ్లెట్.

రక్తం ఎక్కువైందని గొణిగేవాళ్లకు ఒక మాట. అవి పట్టపగలు, ఎండలో ఆడిన నాటకాలు. అప్పటి 'బ్యాటిల్ ఆఫ్ అల్కజార్' అనే నాటకం ప్రదర్శన తాలూకు రంగస్థల పట్టికలో మూడు సీసాల రక్తం, ఒక గొర్రె కార్జం, గుండె, ఊపిరితిత్తులు అని సామాను రాసి ఉంది. లైటింగుతో దాచుకునే వీలు లేదు మరి.

ముగింపులో హిరోనిమో రాజు ముందు నాటకం వేయిస్తాడు, హంతకులకే వేషాలిచ్చి, ఒక్కొక్కరికీ ఒక్కో భాష అప్పజెప్పి. ఉత్తుత్తి కత్తులనుకున్నవి నిజంగా దిగుతాయి, సభలోవాళ్లు చప్పట్లు కొడతారు. తెర తొలగించి కొడుకు శవాన్ని చూపించాక గానీ వాళ్లకు అర్థం కాదు. తోడెవరో చెప్పమంటే నాలుక కొరికేసుకుంటాడు. రాసి చెప్పమని కలం ఇస్తే, దాన్ని చెక్కుకోవడానికి కత్తి కావాలని సైగ చేస్తాడు. ఆ కత్తితో లొరెంజో తండ్రిని పొడిచి, తననూ పొడుచుకుంటాడు. హత్యతో ఆ తండ్రికి ఏ సంబంధమూ లేదు. అందుకే ఆ కత్తి చిన్నదిగా, బల్లమీద రోజూ ఉండే గుమాస్తా కత్తిలా ఉండాలి. పెద్ద బాకు పెడితే దాన్ని చేతికిచ్చిన రాజపరివారం తెలివితక్కువవాళ్లలా కనిపిస్తారు.