నాలుగో తరగతికి చరిత్ర క్రాఫ్ట్: శాతవాహన నాణెం, మూసీ వరద పటం

మీ ప్రశ్న ఇది: నాలుగో తరగతి, 40 మంది పిల్లలు, వారానికి ఒక్క 40 నిమిషాల పీరియడ్, ఖర్చు తక్కువ. థర్మాకోల్ చార్మినార్ కాకుండా మన చుట్టుపక్కల చరిత్రతో ఏం చేయించవచ్చు?

థర్మాకోల్ వద్దనుకోవడం మంచి పని. అది రాత్రి నాన్న కోసి, అమ్మ రంగేసి, పొద్దున పిల్లాడు మోసుకొచ్చే వస్తువు. ఎంచుకోవాల్సింది పాతకాలపు పనివాడి చెయ్యి చేసిన పనినే పిల్లల చెయ్యి కూడా చేసేది. అచ్చు చెక్కి నొక్కడం, బట్టకు పూత వేసి బొమ్మలు గీయడం లాంటివి. ఈ లెక్కన రెండు పనులు వివరంగా చెప్తాను. మిగతావి క్లుప్తంగా చాలు.

మొదటిది శాతవాహనుల నాణెం. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో వాళ్ళ నాణేలు దొరికాయి. చాలా నాణేలు సీసంతో చేసినవే. ఏనుగు, చెట్టు, ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు చివర్లా నాలుగు గుండ్రాలు), బ్రాహ్మీ అనే పాత లిపి అక్షరాలు వాటి మీద కనిపిస్తాయి. మీరు మాత్రం సీసం జోలికి పోవద్దు, అది పిల్లలకు విషం. ఉప్పు కలిపిన మైదాపిండి వాడండి.

40 మందికి 500 గ్రాముల మైదా, 500 గ్రాముల మెత్తటి ఉప్పు, సుమారు 300 మి.లీ. నీళ్ళు పడతాయి. నీళ్ళు ఒకేసారి పోయొద్దు. ముప్పావు వంతు పోసి పిసికి, పూరీపిండి కంటే కాస్త గట్టిగా ఉన్నప్పుడు ఆపండి. తలా 30 గ్రాములు వస్తుంది. రెండు నాణేలు, ఒక ట్రయల్‌కు అది చాలు. కల్లుప్పు వాడితే గింజలు కరగక నాణెం నిండా గుంటలు పడతాయి. వేలికి గీరుకుపోయిన పిల్లలుంటే ముందే చూసుకోండి, ఉప్పు తగిలితే మండుతుంది.

అచ్చుకు మామూలు ఒంటిసబ్బు చాలు. 100 గ్రాములవి పది కొని, ఒక్కొక్కటి రెండు ముక్కలు చేయండి. పొడి చాకుతో కోస్తే పెచ్చులు లేస్తుంది, చాకును వేడినీళ్ళలో ముంచి మీరే కోయాలి. సబ్బు మీద ఉన్న కంపెనీ పేరును గీకి చదును చేయండి. ఒక్కో ముక్క ఇద్దరికి, ముందువైపు ఒకరు, వెనకవైపు మరొకరు చెక్కుతారు. పనిముట్టు ఇంకు అయిపోయిన బాల్‌పెన్. లోతు 2 మి.మీ. ఉండాలి. అంతకంటే పైపైన గీస్తే గుర్తు పడదు, మరీ లోతైతే పిండి అందులో ఇరుక్కుంటుంది. పొడిని పాత టూత్‌బ్రష్‌తో దులపాలి, తడి తగలకూడదు.

ఇక్కడే పిల్లలకు అసలు చిక్కు ఎదురవుతుంది. అచ్చులో గీసింది నాణెం మీద తిరగబడి పడుతుంది. అందుకే మొదట ఎడమా కుడీ ఒకేలా ఉండే అక్షరాలు ఇవ్వండి. అశోకుని కాలపు బ్రాహ్మీలో క అంటే కూడిక గుర్తు, గ అంటే పైన కలిసే రెండు వాలు గీతలు, న అంటే అడ్డగీత మీద నిలబడ్డ నిలువుగీత, ర అంటే ఒట్టి నిలువుగీత. వీటిని తిప్పినా మారవు, వరుస మాత్రం మారుతుంది. ‘నగర’ అని పడాలంటే సబ్బు మీద ఎడమ నుంచి ర, గ, న అని చెక్కాలి. ఈ సంగతి ముందే చెప్పేయకండి. మొదటి నాణెం తిరగబడి రానివ్వండి, క్లాసులో సగం మంది కారణం వాళ్ళే కనిపెడతారు. శాతవాహనుల నాటికి అక్షరాల రూపం కొంత మారింది కానీ ఈ వయసుకు అశోకుడి రూపమే తేలిక.

పిండిని 6-7 మి.మీ. మందంగా వత్తి, వాటర్ బాటిల్ మూతతో గుండ్రంగా కోయాలి. పైన చిటికెడు పొడి మైదా చల్లి, అచ్చును నిటారుగా ఒక్కసారే నొక్కి ఎత్తాలి. అటూ ఇటూ ఊపితే గీతలు రెండేసి పడతాయి. ఐదారు నాణేలకే సబ్బు తడిసి గీతలు పూడిపోతాయి, అప్పుడు ఆరనిచ్చి మళ్ళీ చెక్కాలి. అచ్చు పక్కకు పడి అక్షరం సగం తెగితే ‘తప్పు’ అనకండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి తీసుకెళ్తే పాత నాణేల్లో అలా తెగినవి చూపించవచ్చు.

నీడలో, ఫ్యాను కింద మూడు నాలుగు రోజులు ఆరాలి. రోజుకోసారి తిరగేయండి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి, అంచులు లేచి పగుళ్ళిస్తాయి. ఆరాక 8బీ పెన్సిల్ పొడిని వేలితో రుద్దితే అచ్చం సీసం మెరుపు వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఈ పిండి పెట్టుకోకండి. ఉప్పు గాల్లో తేమ పీల్చి నాణేలు మళ్ళీ మెత్తబడతాయి. వానాకాలంలో కుమ్మరి దగ్గర బంకమట్టి తెచ్చుకోవడమే మేలు.

రెండోది నకాశీ పటం. చేర్యాల చిత్రకారులు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఎర్రటి నేల మీద కథను గడులు గడులుగా గీస్తారు. కథ చెప్పేవాళ్ళు పటాన్ని విప్పుకుంటూ ఒక్కో గడి చూపిస్తారు. పిల్లల పటానికి 1908లో హైదరాబాద్‌ను ముంచిన మూసీ నది వరద కథ ఇవ్వండి, అయిదు గడుల్లో సరిపోతుంది. వాన; సెప్టెంబరు 28న ఊరి మీద పడ్డ మూసీ; అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్న జనం; నగరానికి వరద రాకుండా ప్లాన్ వేస్తున్న ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య; 1920లో పూర్తయిన గండిపేట చెరువు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చెట్టు వెనక ఇప్పటి ఆసుపత్రి గుమ్మటాలు గీస్తే ఆపండి, ఆ భవనం వరద తర్వాత కట్టింది. ‘అప్పటికి ఇది ఉందా?’ అని ప్రతి గడికీ అడిగించడమే ఈ పనిలో సగం పాఠం.

36 అంగుళాల పన్నా ఉన్న కోరా బట్ట రెండు మీటర్లు తీసుకోండి. ఉతికి గంజి వదిలించకపోతే పూత పట్టదు. పొడవునా నాలుగు పట్టీలుగా చీల్చి, ఒక్కోదాన్ని సగానికి కోస్తే మీటరు పొడవున్న పట్టీలు ఎనిమిది వస్తాయి. అయిదుగురికి ఒకటి, తలా ఒక గడి, గడి ఎత్తు 20 సెం.మీ.

పూతకు లీటరు నీళ్ళలో 60 గ్రాముల బియ్యప్పిండి కాచి, చల్లారాక 250 గ్రాముల సుద్దపొడి, 100 గ్రాముల ఫెవికాల్ కలపండి. పట్టీని బెంచీకి క్లిప్పులతో బిగించి పలచగా రెండు పూతలు వేయాలి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఒకేసారి దట్టంగా వేస్తే చుట్టినప్పుడు పెచ్చులుగా రాలుతుంది. చింతగింజల జిగురు క్లాసుకు వద్దు, ఎండాకాలంలో రెండు రోజులకే కంపు కొడుతుంది.

రంగులకో వరుస ఉంది. పెన్సిల్‌తో బొమ్మ, బొమ్మ చుట్టూ ఎరుపు, తర్వాత మిగతా రంగులు, చివర్లో నల్లగీత. పిల్లలకు నల్లగీత ముందు గీయాలని తహతహ. అలా గీస్తే ఎరుపు దాని మీదికెక్కి ముఖాలు మాసిపోతాయి. బ్రష్‌లో నీళ్ళు ఎక్కువైతే కింది సుద్ద కరిగి ఎరుపు కాస్తా గులాబీ అవుతుంది. ఎరుపు పోస్టర్ కలర్ పావు లీటరు కొనండి, మిగతావి చిన్న సీసాలు చాలు.

చార్మినార్ చేయాల్సిందే అంటే కాగితంతో చేయించండి. గోడ వెడల్పు 10 సెం.మీ. అయితే మినార్ 25 సెం.మీ. ఉండాలి, పిల్లలు ఎప్పుడూ పొట్టిగా చేస్తారు. గోడను నిలువుగా మడిచి సగం కమాను కోస్తే రెండు వైపులా సమానంగా వస్తుంది. 1591 నాటి చార్మినార్ అంటే గడియారాలు అతికించకూడదు, అవి 1889లో పెట్టినవి.

ఒక్క పీరియడ్‌లో అయిపోయేది కావాలంటే, పాండవుల గుట్టలోని ఆదిమానవుల ఎర్రటి బొమ్మల్లా నలిపిన బ్రౌన్ పేపర్ మీద గీయించండి. గడపలకు పూసే జాజును నీళ్ళు, కాస్త ఫెవికాల్‌తో కలపండి, జిగురు లేకపోతే ఆరాక పొడిగా రాలుతుంది. బ్రష్ బదులు నమిలిన వేపపుల్ల, వేళ్ళు. యూనిఫాం మీద పడిన జాజు మరక ఒక పట్టాన వదలదు, పాత చొక్కా తెచ్చుకోమని ముందురోజే డైరీలో రాయించండి.