మూస పాత్రలే అయినా స్పైడర్ మ్యాన్ 2 ఎందుకు నిలబడింది?

మీ ప్రశ్న చదివాను. సైన్స్ ఫిక్షన్ సూపర్ హీరో షార్ట్ ఫిల్మ్ రాస్తున్నారు, అందులో అతి తెలివైన సైంటిస్టు విలన్, మంచి మాట చెప్పే పెద్దావిడ, రెండు జీవితాల మధ్య నలిగే కుర్రాడు ఉన్నారు, ఇవన్నీ అరిగిపోయిన పాత్రలు కదా, మార్చేయాలా అని అడిగారు. మార్చకండి. 2004లో సామ్ రైమీ తీసిన స్పైడర్ మ్యాన్ 2లో సరిగ్గా ఈ పాత్రలే ఉన్నాయి, ఒక్కటీ కొత్తది కాదు, హీరో వేషం చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోయే సీన్ కూడా 1967 నాటి కామిక్ నుంచి తీసుకున్నదే. అయినా ఈ రకం సినిమాల్లో దాన్ని మించింది నాకు ఇప్పటికీ కనిపించలేదు.

ఆ సినిమాలో విలన్ మొదట విలన్‌గా రాడు, గురువుగా వస్తాడు. సైంటిస్టు డాక్టర్ ఆక్టేవియస్ ఇంట్లో పీటర్, అంటే స్పైడర్ మ్యాన్ వేషం వెనకున్న కాలేజీ కుర్రాడు, భోజనానికి కూర్చునే సీన్ మళ్లీ ఒకసారి చూడండి. పక్కన భార్య రోజీ ఉంటుంది, ఆవిడ సాహిత్యం చదువుకున్న మనిషి, ఆవిడ కోసం తను కవిత్వం నేర్చుకోవడానికి ఎంత అవస్థ పడ్డాడో ఆయన నవ్వుతూ చెప్తాడు. తెలివి అనేది ఒక వరం, దాన్ని జనం మంచికి వాడాలి అని పీటర్‌కి చెప్పేదీ ఆయనే. పీటర్‌కి ఆ రోజు కనిపించింది ఒక సైంటిస్టు మాత్రమే కాదు, తను కావాలనుకుంటున్న మనిషి. సైన్సు, ప్రేమ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. పీటర్‌కి రెండూ చేజారిపోతున్నాయి, క్లాసులకి లేటు, పిజ్జా డెలివరీ ఉద్యోగం పోయింది, అద్దె బాకీ.

ఆ తర్వాత ఆక్టేవియస్ చేసే ఫ్యూజన్ ప్రయోగం, అంటే పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించే ప్రయోగం, అదుపు తప్పుతుంది. ఆపమంటే ఆపడు. భార్య కళ్లముందే చనిపోతుంది, ప్రయోగం కోసం ఒంటికి తగిలించుకున్న, సొంత తెలివి ఉన్న ఇనుప చేతులు తన మెదడుని లొంగదీసుకోకుండా మెడ వెనక పెట్టుకున్న చిప్ కాలిపోతుంది. ఇక్కడ తప్పు సైన్సుది అని సినిమా ఎక్కడా అనదు, నా లెక్క తప్పదు అనే అహంకారానిది. చదువుకున్న రాక్షసుడు మనకి కొత్తేమీ కాదు, రావణుడు వేదాలు చదివినవాడే. కాకపోతే విభీషణుడు ఎంత చెప్పినా రావణుడు వినలేదు, ఆక్టేవియస్ చివర్లో విన్నాడు, నాకు సినిమా మొత్తంలో అతి విలువైన విషయం అదే.

ఎలా విన్నాడో చూడండి. మధ్యలో పీటర్‌ని పెంచిన మే ఆంటీ ఇల్లు ఖాళీ చేస్తూ, పీటర్‌తో హీరోల గురించి మాట్లాడుతుంది, సరైన పని చేయాలంటే ఒక్కోసారి మనం అన్నిటికంటే ఎక్కువగా కోరుకున్నదాన్నే, కలల్ని కూడా, వదులుకోవాల్సి వస్తుందని. క్లైమాక్స్‌లో పీటర్ మాస్కు లేకుండా ఆక్టేవియస్ ముందు నిలబడి, ఆయన చెప్పిన వరం మాటని ఆయనకే గుర్తు చేసి, దానికి మే ఆంటీ మాటని జోడిస్తాడు. అంటే పెద్దావిడ మాట శిష్యుడి నోటి ద్వారా గురువుకి చేరింది. ఆయన ఆ చేతుల్ని మళ్లీ తన మాట వినేలా చేసుకుని, యంత్రాన్ని నదిలో ముంచి, దానితో పాటే తనూ పోతాడు. విలన్ దెబ్బలతో ఓడిపోలేదు. మూడు మూస పాత్రల్ని ఒక్క మాట కలిపింది.

నేను మొదట థియేటర్లో తెలుగు డబ్బింగ్ చూసినప్పుడు ఇవేవీ పట్టించుకోలేదు, ట్రైన్ ఫైటు కోసమే చూశాను. చాలా ఏళ్ల తర్వాత ఇంట్లో టీవీలో వస్తుంటే అక్కతో కలిసి చూశాను. నాన్నకి ఆరోగ్యం పాడైనప్పుడు ఎమ్మెస్సీ సీటు వదిలేసి ఉద్యోగంలో చేరిన మనిషి తను. మే ఆంటీ మాటలు వచ్చినప్పుడు అక్క అంది, "నిజమేరా, కానీ వదులుకున్నాక కూడా అది గుర్తొస్తూనే ఉంటుంది, ఆ సంగతి ఆవిడ చెప్పలేదు." అప్పటి నుంచి పీటర్ ముఖం నాకు వేరేగా కనిపించింది. వేషం పారేసి హాయిగా రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా సైరన్ వినిపిస్తే అతని తల అటు తిరుగుతుంది, వదిలేసింది వదలట్లేదు. అక్క చెప్పింది సినిమాకీ తెలుసు, డైలాగులో పెట్టలేదంతే.

పాత్ర పాతదైనా సీన్ కొత్తగా ఉండాలి అంటే ఇంకో ఉదాహరణ. మే ఆంటీ భర్త అంకుల్ బెన్ చనిపోయింది, దొంగని తను వదిలేయడం వల్లేనని పీటర్ ఆవిడకి చెప్పే సీన్. వాళ్లిద్దరూ టేబుల్ దగ్గర కూర్చుని ఉంటారు, ఆవిడ చెయ్యి అతని చేతిలో ఉంటుంది. అతను చెప్పడం అవగానే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక్క మాట అనకుండా లేచి మేడ మీదికి వెళ్లిపోతుంది. ఏడుపు లేదు, తిట్టు లేదు. స్క్రీన్‌ప్లే రాసిన ఆల్విన్ సార్జెంట్ సూపర్ హీరోల మనిషి కాదు, కుటుంబ కథ అయిన ఆర్డినరీ పీపుల్ సినిమాకి ఆస్కార్ తీసుకున్న రచయిత. అది ఈ సీన్‌లో తెలుస్తుంది. ఈ సినిమాకి వచ్చిన ఆస్కార్ విజువల్ ఎఫెక్ట్స్‌కి, అది న్యాయమే, కానీ నన్ను కట్టిపడేసేది ఆ చెయ్యి.

లోపం లేదని కాదు. పీటర్ ప్రేమించే మేరీ జేన్‌ని చివర్లో మళ్లీ ఎత్తుకుపోతారు, కట్టేస్తారు, అక్కడ ఆమె పాత్రకి పనే లేదు. మీ కథలో ప్రేయసి ఉంటే ఆ దారిలో వెళ్లకండి.

ఇక మీ స్క్రిప్టు విషయానికి వస్తే, ముగ్గురి పేర్లూ రాసుకుని, ఎవరు దేన్ని వదులుకోలేరో ఒక్కో వాక్యం రాయండి. సైంటిస్టుకి ప్రమాదానికి ముందు ఒక మంచి రోజు తప్పకుండా ఇవ్వండి, ఇంట్లో, భోజనం దగ్గరో ఇంకెక్కడో. షార్ట్ ఫిల్మ్ కాబట్టి దానికి రెండు నిమిషాలు చాలు, ఫైటులోంచి కోసెయ్యండి. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడే పెట్టండి, చదివి చెప్తాను.